నేలపట్టు, పులికాట్ పక్షులను చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకం దాటిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. చెన్నైలో ఉన్న చుట్టాలు, హైదరాబాద్ స్నేహితులు, వాళ్ల ఆఫీసువాళ్లు, అందరివీ ఇంచుమించు అవే సందేహాలు. చాలా ఏళ్లుగా చలికాలంలో ఆ చెరువు కట్ట మీద, ఆ సరస్సు రోడ్డు మీద తిరుగుతున్నాను కాబట్టి నాకు తెలిసినంతవరకు ఒకచోట రాసిపెడుతున్నాను. వరుసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## బయలుదేరే ముందు

నేలపట్టు, పులికాట్ రెండూ ఒకటేనా?

కాదు. నేలపట్టు ఒక చెరువు. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో ఉంది (2022కు ముందు నెల్లూరు జిల్లా). మంచినీటి చెరువు, అందులో చెట్లు, వాటి మీద గూళ్లు. 1976 నుంచి పక్షుల రక్షణ కేంద్రంగా ఉంది. విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు. పులికాట్ అక్కడికి దక్షిణాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉప్పునీటి సరస్సు. మన దేశంలో ఒడిశాలోని చిలికా సరస్సు తర్వాత ఇదే పెద్దది. పాతవాళ్లు ప్రళయకావేరి అంటారు. బంగాళాఖాతానికీ సరస్సుకూ మధ్య అడ్డుగా ఉన్న దీవే శ్రీహరికోట.

ఈ రెండు నీళ్లకూ విడదీయలేని సంబంధం ఉంది. గూడబాతులు, అంటే పెలికాన్‌లు, నేలపట్టులో గూళ్లు పెట్టి, చేపల కోసం పులికాట్‌కూ చుట్టుపక్కల చెరువులకూ వెళ్లొస్తుంటాయి. ఒకటి పురిటిల్లు, ఇంకొకటి వంటిల్లు అనుకోండి.

ఏ నెలలో వెళ్తే బాగా కనబడతాయి?

ఏ పక్షి కోసం వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. సీజను అక్టోబరు నుంచి మార్చి దాకా అంటారు, అది నిజమే. కానీ నేలపట్టులో గూళ్లు కట్టే హడావుడి చూడాలంటే నవంబరు, డిసెంబరు మంచివి. గూళ్ల నిండా పిల్లల్ని చూడాలంటే జనవరి, ఫిబ్రవరి.

ఫ్లెమింగోల లెక్క వేరు. అవి కాళ్లు మునిగేంత నీళ్లలో నిలబడి, తల వంచి బురదను జల్లెడ పట్టి తింటాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు, తుపాన్లకు పులికాట్ నిండుగా ఉన్నప్పుడు వాటికి అక్కడ పెద్దగా పని ఉండదు. నీళ్లు కాస్త తీసి, లోతు తగ్గాక గుంపులు పెరుగుతాయి. అందుకే మంచి వానలు పడిన ఏడాది ఫ్లెమింగోల కోసం జనవరి చివర, ఫిబ్రవరిలో రమ్మంటాను. సెలవుల్ని చూసుకుని బయలుదేరేవాళ్లకంటే నీటిని కనుక్కుని బయలుదేరేవాళ్లే ఎక్కువ చూస్తారు.

ఈ ఏడు వానలు సరిగా పడలేదు. వెళ్లినా లాభం ఉంటుందా?

నేలపట్టుకు మాత్రం ఒకసారి కనుక్కుని వెళ్లండి. చెరువులో నీళ్లు లేకపోతే పక్షులు గూళ్లు పెట్టవు. పెట్టినా తక్కువే. చెట్ల చుట్టూ నీళ్లుంటేనే పిల్లులు, నక్కలు, మనుషులు గూళ్ల దాకా రాలేరు. ఆ నీళ్లే వాటికి కోటగోడ. పైగా చుట్టుపక్కల చెరువులు ఎండితే పిల్లలకు పెట్టడానికి చేపలూ ఉండవు. పులికాట్‌లో మాత్రం వాన తక్కువైన ఏడాది కూడా డిసెంబరులోనే ఫ్లెమింగోలు బాగా దిగొచ్చు, నీరు పలచగా ఉంటుంది కాబట్టి.

ఒక్క రోజులో రెండూ చూడొచ్చా?

చూడొచ్చు, కానీ తెల్లవారకముందే బయలుదేరాలి. పొద్దున నేలపట్టు, మధ్యాహ్నం సూళ్లూరుపేటలో భోజనం, కాస్త విశ్రాంతి, సాయంత్రం నాలుగు నుంచి పులికాట్ రోడ్డు. రెండు రోజులు చేతిలో ఉంటే రెండో రోజు పొద్దున మళ్లీ నేలపట్టుకే వెళ్లండి. మొదటి రోజు ఏ పక్షి ఏమిటో తెలుసుకోవడంలోనే గడిచిపోతుంది. రెండో రోజు అవి ఏం చేస్తున్నాయో కనబడుతుంది.

ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో వెళ్తే మంచిదా?

పండగ చూడాలంటే వెళ్లండి. 2001లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. సూళ్లూరుపేటంతా కళకళలాడుతుంది, పిల్లలకు సరదాగా ఉంటుంది. పక్షుల్ని నెమ్మదిగా చూడాలనుకుంటే మాత్రం పండగకు వారం ముందో, వారం తర్వాతో రండి. కట్ట మీద జనం, కేరింతలు ఎక్కువైతే దగ్గరి చెట్ల మీది పక్షులు బెదురుతాయి.

బైనాక్యులర్ కొనాలా? ఫోన్ కెమెరా సరిపోదా?

నేలపట్టులో బైనాక్యులర్ లేకపోయినా బోలెడు కనబడుతుంది. పులికాట్‌లో అది లేకపోతే నిరాశే మిగులుతుంది. కొనాలనుకుంటే 8×42 అని రాసి ఉన్నది చూడండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో చెబుతుంది. 20 రెట్లు, 30 రెట్లు అని ఊరించేవి కొనకండి, చేతిలో అంత వణుకుతుంటే కళ్లు నొప్పి పుట్టడం తప్ప ఏమీ కనబడదు. మొదటిసారికి ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకున్నా చాలు. ఫోన్‌తో ఫ్లెమింగోని ఫోటో తీస్తే తెల్ల చుక్క పడుతుంది. దానికి కనీసం 300 ఎంఎం లెన్స్ ఉన్న కెమెరా కావాలి.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

హాయిగా వెళ్లొచ్చు. నేలపట్టులో నడక చెరువు కట్ట మీదే, ఎక్కడం దిగడం పెద్దగా ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వాచ్ టవర్ ఎక్కకపోయినా కట్ట మీదినుంచే గూళ్లు కనబడతాయి. పులికాట్‌లో కారు దిగకుండానే చూడొచ్చు. పిల్లలకు ముందే ఒక పని అప్పగించండి: ముక్కులు ఎన్ని రకాలుగా ఉన్నాయో లెక్కపెట్టమనండి. సంచి ముక్కు, వంకర ముక్కు, తెడ్డు ముక్కు, మధ్యలో సందున్న ముక్కు. ఆ ఆటలో పడితే గోల చేయరు.

ఏం వేసుకోవాలి? ఏం పట్టుకెళ్లాలి?

ఆకుపచ్చ, గోధుమ, బూడిద లాంటి మసక రంగులు. తెలుపు, ఎరుపు వద్దు. టోపీ, నీళ్లు, తినడానికి ఏదైనా, దోమల మందు. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే మంచు పడుతుంది కాబట్టి పిల్లలకు స్వెట్టర్.

## దారి, బస

కారు లేదు. రైల్లో, బస్సులో ఎలా రావాలి?

చెన్నైవాళ్లకు చాలా సులువు. చెన్నై సెంట్రల్ నుంచి సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లున్నాయి, టికెట్ ఖర్చు తక్కువ. నెల్లూరు, గూడూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు ప్యాసింజర్ రైలైతే దొరవారిసత్రం స్టేషన్‌లోనే దిగొచ్చు. బస్సులో వచ్చేవాళ్లు నెల్లూరు–చెన్నై హైవే మీద నాయుడుపేటలోనో సూళ్లూరుపేటలోనో దిగి ఆటో మాట్లాడుకోవాలి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట దారి. ఆటో మాట్లాడేటప్పుడు రానూపోనూ, అక్కడ రెండు మూడు గంటలు ఆగేదానికీ కలిపి ముందే ధర తేల్చుకోండి. తిరుగు ప్రయాణానికి నేలపట్టులో బండి దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

రాత్రి ఎక్కడ ఉండాలి? తిండి దొరుకుతుందా?

సూళ్లూరుపేట, నాయుడుపేట రెండు చోట్లా లాడ్జీలు, హోటళ్లు ఉన్నాయి. నేలపట్టు దగ్గర మాత్రం టిఫిన్ దొరుకుతుందనుకుని రాకండి, పొద్దున్నే వచ్చేవాళ్లు ఇడ్లీనో పులిహోరో కట్టించుకు రావాలి. తిన్న కవర్లు వెనక్కి తీసుకెళ్లండి. కట్ట మీద పడేసిన ప్లాస్టిక్ గాలికి చెరువులోకే చేరుతుంది. అక్కడ పక్షులు గూటికి ఏది దొరికితే అది ఏరుకుంటాయి.

## నేలపట్టు కట్ట మీద

ఎన్నింటికి చేరుకోవాలి?

వీలైతే ఆరున్నర, ఏడు గంటల మధ్య. ఎండ ఎక్కాక నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, గూడబాతులు ఆ గాలిని పట్టుకుని రెక్క ఊపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్లి మేతకు పోతాయి. అది కూడా చూడదగ్గదే. కానీ పదకొండు తర్వాత గూళ్ల దగ్గర ఉన్నవి ఎండకు నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి, అంతకుమించి ఏమీ జరగదు. ఒకసారి నేను బంధువులందరినీ వెంటబెట్టుకుని పన్నెండింటికి వెళ్లాను. అరగంటలో అందరూ కారెక్కేశారు. అప్పటినుంచి ఆలస్యమైతే సాయంత్రానికి వాయిదా వేస్తాను. నాలుగు దాటాక మేతకు వెళ్లినవి తిరిగొస్తుంటాయి. ఒక్కొక్కటీ దిగుతుంటే పిల్లల అరుపులతో చెట్టు మొత్తం మేల్కొన్నట్టుంటుంది.

నీళ్లలో మునిగి ఉన్న ఆ చెట్లేమిటి? చచ్చిపోయాయా?

లేదు, బతికే ఉన్నాయి. ఇక్కడివాళ్లు కడప చెట్లంటారు, శాస్త్రీయ నామం బారింగ్టోనియా అక్యుటాంగ్యులా. నెలల తరబడి నీళ్లలో నిలబడినా చావని చెట్టు అది. దాని గట్టి కొమ్మలు పెద్ద పెద్ద పక్షుల గూళ్లను మోస్తాయి. రెట్ట పడీపడీ ఆకులు తెల్లగా సున్నం కొట్టినట్టు అవుతాయి, అందుకే ఎండిపోయిన చెట్లలా కనబడతాయి. నేలపట్టుకు ఇంత పేరు రావడానికి సగం కారణం ఈ చెట్లే.

ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవేనా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పేపర్లలో, మాటల్లో విదేశీ పక్షులు, సైబీరియా కొంగలు అని స్థిరపడిపోయింది. కానీ కట్ట మీదినుంచి మీకు గూళ్ల మీద కనబడేవన్నీ మన ప్రాంతపు పక్షులే. గూడబాతు, నత్తగుల్ల కొంగ, కంకణాయి, నీటికాకి దక్షిణాసియావే. నీటినీ మేతనూ బట్టి చెరువు మారతాయి, ఊరు మారతాయి, అంతే. ఇక్కడ పుట్టి, ఇక్కడే పిల్లల్ని కనే పక్షుల్ని పరాయివని పిలిస్తే నాకు మనసుకు కష్టంగా ఉంటుంది.

దూరదేశాల నుంచి వచ్చేవీ ఉన్నాయి. నీటి మధ్యలో గుంపుగా తేలే సూదితోక బాతుల్లాంటి బాతులు, బురదలో పరుగులు తీసే చిన్న ఉల్లంకులు ఉత్తరాసియా నుంచి ఎగిరొచ్చేవే. అవి ఇక్కడ గూడు పెట్టవు, చలికాలం గడిపి వెళ్లిపోతాయి. ఇక అసలైన సైబీరియా కొంగ, అంటే సైబీరియన్ క్రేన్, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత మన దేశంలో అది కనబడలేదు.

ఏది ఏ పక్షో ఎలా గుర్తుపట్టాలి?

ముక్కుతో మొదలుపెట్టండి. అన్నిటికంటే పెద్దగా, బూడిద కలిసిన తెలుపులో, ముక్కు కింద సంచి వేలాడుతూ ఉంటే గూడబాతు. దాని పై ముక్కు అంచున వరుసగా మచ్చలుంటాయి, స్పాట్ బిల్డ్ పెలికాన్ అని పేరు రావడానికి కారణం అదే. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతాయి. ప్రపంచంలో దాని సంఖ్య ఆందోళన కలిగించే స్థాయికి దగ్గరలో ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితా చెబుతోంది. అలాంటి పక్షి మన కళ్ల ముందు వందల్లో గూళ్లు కడుతోంది.

నోరు మూసినా ముక్కు మధ్యలో సందు కనబడితే నత్తగుల్ల కొంగ. ఆ ముక్కుతో అది నత్తను గుల్లలోంచి ఒడుపుగా లాగుతుంది. ఒళ్లు తెలుపు, తల, మెడ నలుపు, ముక్కు కొడవలిలా వంగి ఉంటే కంకణాయి. నల్లగా, రెక్కలు రెండూ తువ్వాలులా ఆరబెట్టుకుంటూ కూర్చుంటే నీటికాకి. ఆకుల మధ్య ముడుచుకుని, పగలంతా కునికిపాట్లు పడుతుంటే శబరి కొంగ. చీకటి పడబోతుంటే అది మేతకు బయలుదేరుతుంది. నీళ్లలోంచి మెడ ఒక్కటే పాములా పైకి లేచి కనబడితే పాముమెడ పక్షి. దాన్ని చూసి పాము పాము అని అరిచినవాళ్లను చాలామందిని చూశాను.

పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు ఉన్న పెద్ద కొంగను చూసి ఫ్లెమింగో అనుకోకండి, అది పెయింటెడ్ స్టార్క్.

చప్పట్లు కొడితే అన్నీ ఒక్కసారి ఎగురుతాయి కదా, ఫోటోకి బాగుంటుంది?

దయచేసి ఆ పని చేయొద్దు. ఒకసారి నా కళ్లముందే ఒకాయన ఫోటో కోసం గట్టిగా అరిచి చప్పట్లు కొట్టాడు. దగ్గరి చెట్టు మీది తల్లులన్నీ లేచిపోయాయి. నిమిషం తిరక్కుండానే కాకులు గూళ్లలో దిగాయి. గుడ్లు పోతే ఆ ఏడాదికి ఆ జంట కష్టమంతా పోయినట్టే. ఈకలు రాని పిల్లలకైతే తల్లి నీడ తప్పితే ఎండే చంపేస్తుంది. రక్షణ కేంద్రంలో పక్షుల్ని బెదరగొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఎగిరే ఫోటో కావాలంటే సాయంత్రం ఒక చెట్టుకు ఎదురుగా గంటసేపు కూర్చోండి, వచ్చేవీ పోయేవీ ఎన్ని కావాలంటే అన్ని.

వాసన భరించలేకపోయాం. శుభ్రం చేయరా?

వేల పక్షులు చేపలు తిని రెట్ట వేసే చోటు కాబట్టి ఆ వాసన తప్పదు. గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకుని, గాలి మీ వెనకనుంచి వచ్చేలా నిలబడితే చాలావరకు తగ్గుతుంది. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. ఊరి రైతులకు అది బాగా తెలుసు. పక్షుల్ని వాళ్లు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారంటే ప్రేమతో పాటు ఆ లెక్కా ఉంది.

గూట్లోంచి కింద పడిన పిల్ల కనబడితే ఏం చేయాలి?

ముట్టుకోకండి, నీళ్లు పట్టకండి, తినిపించకండి. చోటు గుర్తుపెట్టుకుని అక్కడున్న అటవీ సిబ్బందికి చెప్పండి.

## పులికాట్ దగ్గర

ఫ్లెమింగోలు సరిగ్గా ఎక్కడ కనబడతాయి?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే షార్ (అక్కడి అంతరిక్ష కేంద్రం) రోడ్డు దాదాపు 18 కిలోమీటర్లు, చాలాభాగం సరస్సు మధ్యలోనే వెళ్తుంది. రెండు వైపులా నీళ్లే. అటకానితిప్ప చుట్టుపక్కల నెమ్మదిగా వెళ్తూ చూడండి. ఒకే చోట ఉంటాయని చెప్పలేం, ఎటు నీళ్లు పలచగా ఉంటే అటు మారతాయి. దారిలో చేపలు పట్టేవాళ్లను అడగండి, వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. బండిని పూర్తిగా రోడ్డు పక్కకు దింపి ఆపండి, షార్ బస్సులు వేగంగా వెళ్తుంటాయి. పొద్దున సూర్యుడు తూర్పున శ్రీహరికోట వైపు ఉంటాడు, ఎండ కళ్లలో పడుతుంది. వెలుతురు సాయంత్రమే బాగుంటుంది.

చాలా దూరంగా ఉన్నాయి. నీళ్లలోకి దిగి దగ్గరికి నడవొచ్చా?

వద్దు. పైకి గట్టిగా కనబడే బురద మోకాళ్లదాకా కూరుకుపోతుంది. పైగా మీరు పది అడుగులు వేస్తే అవి వంద అడుగులు జరుగుతాయి. ఇంకా దగ్గరికి పోతే మేత వదిలేసి ఎగిరిపోతాయి. రోడ్డు మీదే కదలకుండా నిలబడితే కొన్నిసార్లు అవే మేస్తూ మేస్తూ మీ వైపు వస్తాయి.

ఫోటోల్లో గులాబీ రంగు, ఇక్కడ తెల్లగా ఉన్నాయే?

ఇక్కడ ఎక్కువగా ఉండే పెద్ద ఫ్లెమింగో నిలబడినప్పుడు తెల్లగానే ఉంటుంది. రెక్క విప్పితే లోపల ఎరుపు, నలుపు బయటపడతాయి. గుంపు ఎగిరినప్పుడు ఆకాశం రంగు మారినట్టు ఉండేది అందుకే. ఆ రంగు తిండి నుంచి వస్తుంది: నీటిలోని నాచు, చిన్న చిన్న రొయ్యజాతి జీవుల్లో ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు ఈకల్లోకి చేరతాయి. బూడిదరంగులో కనబడేవి పిల్లలు, రంగు పూర్తిగా రావడానికి వాటికి ఏళ్లు పడుతుంది.

అవి ఇక్కడ గూళ్లు ఎందుకు పెట్టవు?

మన దేశంలో అవి పెద్దఎత్తున గూళ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. మనుషులు, జంతువులు చేరలేని ఉప్పు నీళ్ల మధ్య, బురదతో చిన్న దిబ్బల్లా కట్టుకుని దాని మీద గుడ్డు పెడతాయి. పులికాట్ వాటికి మేత భూమి.

పడవలో వెళ్లొచ్చా?

తడ దగ్గర భీములవారిపాళెంలో పడవ షికారు ఉంది. సరస్సును చూడటానికి అది బాగుంటుంది, ఫ్లెమింగోల కోసం అయితే రోడ్డే మేలు. పడవవాళ్లను గుంపు మధ్యలోకి పోనివ్వమని బతిమాలకండి.

డ్రోన్ తెచ్చుకోవచ్చా? రాకెట్ ప్రయోగం రోజున వస్తే రెండూ చూడొచ్చు కదా?

డ్రోన్ వద్దే వద్దు. పక్కనే అంతరిక్ష కేంద్రం ఉంది, అది కట్టుదిట్టమైన భద్రత ఉన్న చోటు. పక్షులకూ నెత్తిమీద గద్ద తిరిగినట్టే ఉంటుంది. ప్రయోగం రోజున ఆ రోడ్డంతా బండ్లు, చెకింగ్‌లు, పక్షుల కోసం ఆగే వీలు దొరకదు. రెండూ ఇష్టమైతే రెండు వేర్వేరు రోజులు పెట్టుకోండి.

## తిరిగొచ్చాక

కొన్ని పక్షుల పేర్లు తెలియలేదు. ఎలా కనుక్కోవాలి?

ఫోటో ఉంటే మెర్లిన్ అనే యాప్‌లో పెట్టండి, మన దేశపు పక్షుల సమాచారం అందులో ఉంది, ఉచితం. ఫోటో లేకపోతే ఆ రోజే, మరిచిపోకముందే నాలుగు మాటలు రాసుకోండి: ఎంత పెద్దది, కాకి కంటేనా, కోడి కంటేనా, ముక్కు ఆకారం, కాళ్ల రంగు, ఏం చేస్తోంది. చూసినవాటి లెక్కను ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే పరిశోధకులకు పనికొస్తుంది. ప్రతి జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, అందులో మామూలు మనుషులూ పాల్గొనొచ్చు.

మాకు అంత దూరం కుదరదు. దగ్గర్లో ఇలాంటివి ఉన్నాయా?

గుంటూరు దగ్గర ఉప్పలపాడు ఊరి చెరువు చిన్నదే, కానీ పక్షులు చాలా దగ్గరగా కనబడతాయి. కొల్లేరులో, కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల కోసం ఇనుప స్టాండ్లు కట్టారు, వాటి మీదే గూళ్లు పెడతాయి. శ్రీకాకుళం జిల్లావాళ్లకు టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది, అక్కడ గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు ఊరి చెట్ల మీదే ఉంటాయి.

పిల్లలు మళ్లీ వెళ్దామంటున్నారు. మార్చిలో ఏమైనా మిగిలి ఉంటాయా?

చెరువులో నీళ్లుంటే తప్పకుండా తీసుకెళ్లండి. జనం తగ్గిపోయి ఉంటారు. జనవరిలో మీ పిల్లలు చూసిన గూడబాతు పిల్లలు అప్పటికి తల్లంత అయి ఉంటాయి. కొమ్మ చివర నిలబడి రెక్కలు కొట్టి కొట్టి, ఎగరకుండానే మళ్లీ సర్దుకుని కూర్చుంటాయి. పొద్దున్నే వెళ్లి ఒక చెట్టును ఎంచుకుని కూర్చోండి. ఒకటైనా మీ ముందే మొదటిసారి కొమ్మ వదలొచ్చు.